భూమి కథలు – 9: నేలకు విశ్రాంతి, మనిషికి రోడ్డు



2018 మే నెలలో మా ఊళ్లో రైతుబంధు చెక్కులు పంచిన రోజు మా బాపు అటువైపు పోలేదు. అప్పటికి ఆరేండ్లుగా రెండెకరాలు కౌలుకు పట్టి పత్తి వేస్తున్నాడు. ఎకరానికి 4,000 రూపాయల చెక్కు మాత్రం పట్నంలో ఉండే పట్టాదారు పేరున వచ్చింది. ఆయన కారులో వచ్చి తీసుకొని మధ్యాహ్నానికల్లా వెళ్లిపోయాడు. ఆ రాత్రి బాపు ఒకటే అడిగిండు: "పైసలు భూమికిచ్చిండ్రా, చేసేటోనికిచ్చిండ్రా?"

తెలుగు పాఠాలు చెప్పుకునే నాకు ఆ ప్రశ్న అమెరికా పత్తిచేలల్లో మళ్లీ ఎదురైంది.

1933 నాటికి పత్తి ధర పడిపోయి ఉంది. సాగు తగ్గించిన రైతుకు డబ్బిస్తామని రూజ్‌వెల్ట్ ప్రభుత్వం చట్టం చేసింది. ఆ ఏడు సుమారు కోటి ఎకరాల్లో ఎదిగిన పత్తిని దున్నేశారు. దక్షిణాదిలో పెద్ద పత్తి కమతాలు తెల్ల భూస్వాములవి. చేను చేసేది షేర్‌క్రాపర్లు, అంటే మన పాలు కౌలుదార్ల వంటివాళ్లు. నల్లజాతి కుటుంబాలు, పేద తెల్లవాళ్లు. 1934–35 ఒప్పందంలో రెండు రకాల చెల్లింపులూ కలిపితే పౌనుకు 4.5 సెంట్లు. అందులో షేర్‌క్రాపర్ వాటా అర సెంటు. మిగతా 4 సెంట్లు భూస్వామివి.

సాగు తగ్గితే మనుషులెందుకు? వీలైనంతవరకు కౌలుదార్లను ఉంచుకోవాలని ఒప్పందంలో రాశారు గానీ, భూస్వాములు వెళ్లగొట్టారు. ఫిర్యాదు చేద్దామంటే స్థానిక కమిటీల్లో కూర్చున్నదీ వాళ్లే. 1934 జులైలో ఆర్కన్సా రాష్ట్రం టైరోన్జా దగ్గర 11 మంది తెల్లవాళ్లు, ఏడుగురు నల్లవాళ్లు కలిసి దక్షిణాది కౌలు రైతుల సంఘం పెట్టారు. ఉన్న కౌలుదార్లనే కొనసాగించాలని ఒప్పందానికి అర్థం చెప్పిన ప్రభుత్వ న్యాయవాదుల ఉద్యోగాలు 1935 ఫిబ్రవరిలో ఊడాయి.

1936 జనవరిలో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. అప్పటికే మైదానాల్లో దుమ్ము తుపాన్లు నేలను ఎత్తుకుపోతున్నాయి. ఫిబ్రవరిలోనే నేల సంరక్షణ పేరుతో కొత్త చట్టం వచ్చింది. నేలసారం పీల్చే పత్తి, పొగాకు తగ్గించి, నేలకు బలమిచ్చే పప్పుజాతి పంటలు, గడ్డి వేస్తే చెల్లింపు. నేలను కాపాడటం తప్పని నేననను. ఆ నేల మీద బతికే మనిషిని ఎవరు కాపాడతారన్నదే నా ప్రశ్న.

తర్వాత కౌలుదార్ల వాటా పెంచారు. భూస్వాములు దానికీ దారి వెతికారు. కౌలుదారుడికి వాటా ఇవ్వాలి, రోజుకూలీకి అక్కర్లేదు. కాబట్టి కౌలుదార్లను తీసేసి కూలీలను పెట్టుకున్నారు. 1939 జనవరిలో మిస్సోరీ ఆగ్నేయ మూలన వెయ్యిమందికి పైగా జనం, ఎక్కువమంది నల్లవాళ్లు, పిల్లాపాపలతో, మూటాముల్లెతో 60, 61 నంబరు హైవేల పక్కన మకాం వేశారు. వాళ్లను కూడగట్టింది ఓవెన్ విట్‌ఫీల్డ్ అనే నల్లజాతి పాస్టరు. ఆరోగ్యానికి ప్రమాదమని చెప్పి అధికారులు వాళ్లను అక్కడినుంచి తరలించారు. తర్వాత వాళ్లలో కొందరు క్రాపర్‌విల్ అనే సొంత ఊరు కట్టుకున్నారు.

రైతుబంధు నేల సంరక్షణ పథకం కాదు, పెట్టుబడి సాయం. తేడా నాకు తెలుసు. కానీ డబ్బు నడిచిన దారి ఒకటే: కాగితం ఎవరిదో వాళ్లదే చెక్కు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి సాగుదారుల హక్కుల చట్టం కౌలుదారుడికి గుర్తింపు ఇస్తానంటూనే, 11 నెలల ఒప్పందం మీద యజమాని సంతకం కావాలంది. సంతకం పెట్టే చెయ్యి ఎవరిది? అక్కడ రంగు, ఇక్కడ కులం. కాగితం మన చేతికి రాకుండా చూసింది అవే.

రేపు చెట్లు పెంచితే డబ్బు, నీళ్లు పొదుపు చేస్తే డబ్బు, రసాయనాలు మానితే డబ్బు అని ఏ పథకం వచ్చినా, చప్పట్లు కొట్టే ముందు మా బాపు ప్రశ్న అడగండి. సాగుదారుల జాబితా గ్రామసభలో అందరి ముందూ చదవాలని అడగండి. ఆ జాబితాలో మన పేరుందో లేదో చూడండి.

జై భీమ్.