పందెపు గుర్రం విరిగిన కాలు

కాలు విరిగిన మనిషి కొన్ని వారాలు మంచం పట్టి, మానిన తరువాత లేచి నడుస్తాడు. కాలు విరిగిన కుక్క మూడు కాళ్లతో కుంటుతూనే బ్రతుకు వెళ్లబుచ్చుతుంది. గుర్రానికి మాత్రం కాలు విరిగితే ఇక బ్రతుకు లేదనీ, తుపాకితో కాల్చి దాని బాధ తీర్చటమే దయ అనీ పందెపు మైదానాలలో తరతరాలుగా అనుకుంటూ వచ్చారు. ఇది కాఠిన్యం వల్ల పుట్టిన మాట కాదు. ఆనాటి వైద్యుని చేతిలో వేరొక ఉపాయం లేదు. ఎందుకు లేదో తెలియాలంటే ముందు గుర్రపు కాలును శ్రద్ధగా చూడాలి.

అట్లా శ్రద్ధగా చూచినవారిలో చార్లెస్ వియాల్ డి సేన్‌బెల్ ఒకడు. 1761లో క్లాడ్ బూర్జెలా ఫ్రాన్సులోని లియోను నగరంలో స్థాపించిన పశువైద్య పాఠశాల ఆధునిక ప్రపంచంలో మొదటిది. సేన్‌బెల్ అక్కడ చదివి ఇంగ్లండు చేరాడు. 1789 ఫిబ్రవరిలో ఎక్లిప్స్ అనే సుప్రసిద్ధమైన పందెపు గుర్రం శూలవ్యాధితో చనిపోయింది. 1764లో సూర్యగ్రహణం నాడు పుట్టినందువల్ల దానికి ఆ పేరు వచ్చింది. పరుగెత్తిన 18 పందాలలో అది ఒక్కటీ ఓడలేదు. సేన్‌బెల్ దాని కళేబరాన్ని కోసి పరీక్షించి, ఎముకల పొడవులూ కీళ్ల కోణాలూ కొలిచి గ్రంథంగా ప్రకటించాడు. 1791లో లండనులో పశువైద్య కళాశాల ఏర్పడగా దానికి మొదటి ఆచార్యుడైనాడు. ఎక్లిప్స్ అస్థిపంజరం ఈనాటికీ ఆ సంస్థలోనే ఉన్నది. హైదరాబాదు మలక్‌పేట మైదానంలో పరుగెత్తుతూ వచ్చిన గుర్రాలు కూడా ఎక్లిప్స్ పుట్టిన జాతివే. అయితే ఈ గుర్రం ఎందుకు గెలిచిందన్నదే సేన్‌బెల్ ప్రశ్న. ఇటువంటి కాలు ఎందుకు విరుగుతుందన్న ప్రశ్న ఇంకా రెండు వందల ఏండ్లు వేచి ఉండవలసి వచ్చింది.

మన చేతిని బల్లమీద ఒక్క నడివ్రేలి గోటిపై నిలబెట్టామనుకుందాం. గుర్రపు ముందుకాలు దాదాపు అదే. జనం గుర్రపు మోకాలు అని పిలిచే కీలు నిజానికి మణికట్టు. దాని క్రింది పొడవాటి ఎముక అరచేతిలోని నడివ్రేలి ఎముక. గిట్ట ఆ వ్రేలి గోరు. పక్క వ్రేళ్ల గుర్తుగా రెండు సన్నని పుల్లల వంటి ఎముకలు మాత్రం మిగిలినవి. వ్రేలు మొదలయ్యే కీలు వెనుక రెండు చిన్న ఎముకలున్నాయి. పూర్వులు వాటిని నువ్వుగింజలతో పోల్చి సెసమాయిడ్ అని పేరు పెట్టారు. గుర్రంలో అవి నువ్వుగింజలంత అల్పమైనవి కావు. కాలి వెనుక దిగే స్నాయువులు, అంటే గట్టి తాళ్ల వంటి బంధాలు, కప్పీమీద త్రాడువలె వాటి మీదుగా జారుతాయి.

మణికట్టుకు దిగువ కండ అనేది లేదు. ఎముకలు, స్నాయువులు, పైన చర్మం, అంతే. కండలన్నీ భుజం దగ్గర ఉన్నాయి. చివర ఇనుపపొన్ను ఉన్న రోకలిని ఎత్తి ఊపిన వారికి, చివర తేలికైన కాలు పరుగుకు ఎంత అనుకూలమో వేరే చెప్పనక్కరలేదు. వేగానికి కలిసివచ్చిన ఈ ఏర్పాటే విరిగిననాడు పగవాడౌతుంది. చుట్టూ కండ లేనందువల్ల అక్కడ రక్తప్రసారం స్వల్పం. విరిగిన ముక్క సులభంగా చర్మం చీల్చుకొని బయటికి వస్తుంది. మట్టి చేరుతుంది, చీము పడుతుంది.

1878లో మైబ్రిడ్జి కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో కెమెరాలు వరుసగా నిలిపి ఒక గుర్రం దౌడును ఫొటోలు తీశాడు. నాలుగు కాళ్లూ ఒకేసారి నేలను వదిలే క్షణం ఉన్నదా లేదా అన్న వివాదం దానితో తీరిందని అందరూ గుర్తుంచుకున్నారు. బరువంతా ఒక్క కాలిమీదనే ఉన్న బొమ్మలు కూడా వాటిలో ఉన్నాయి. ఎముకల మాటకు వస్తే ఇవే ముఖ్యం. దౌడులో ముందుకాలిపై శరీరపు బరువుకు సుమారు రెండున్నర రెట్లు బలం పడుతుందని తరువాతి కొలతలు తెలిపాయి. 500 కిలోల గుర్రమైతే ఒక్క గిట్టమీద 1,250 కిలోలన్నమాట.

1895లో రాంట్‌జన్ ఎక్స్‌కిరణాలు కనుగొన్న తరువాత విరుగుడు ఎక్కడ ఉన్నదో కంటికి కనిపించింది. 1958లో స్విట్జర్లండు శస్త్రవైద్యులు కొందరు సంఘంగా ఏర్పడి, విరిగిన ఎముకలను లోహపు పలకలతో, మరలతో బిగించే పద్ధతిని మనుషుల కోసం ఒక క్రమానికి తెచ్చారు. అదే పద్ధతి గుర్రాలకూ వచ్చింది. 1971లో ఇంగ్లండు డెర్బీ గెలిచిన మిల్ రీఫ్, మరుసటి ఏడు ఆగస్టు 30న సాధన చేస్తూ ఎడమ ముందుకాలు విరుచుకున్నది. లాయం దగ్గరనే శస్త్రచికిత్స చేసి పలక బిగించారు. మిల్ రీఫ్ సాధు స్వభావం గలది. వారాల తరబడి పట్టీ కాలితో ఓపికగా ఉన్నది. బ్రతికి, 1978లోను 1987లోను డెర్బీ గెలిచిన రెండు గుర్రాలకు తండ్రి అయింది.

అన్ని గుర్రాలూ మిల్ రీఫ్ కావు. 1975 జులై 6న న్యూయార్కులోని బెల్‌మాంట్ పార్కులో రఫియన్ అనే ఆడగుర్రం పరుగెత్తింది. అంతకుముందు 10 పందాలు పరుగెత్తి పదింటిలోనూ గెలిచిన గుర్రమది. పందెం నడుమ దాని కుడి ముందుకాలి సెసమాయిడ్ ఎముకలు రెండూ పగిలాయి. అయినా అది పరుగు ఆపలేదు. బెదిరినప్పుడు పరుగెత్తటమే గుర్రానికి తెలిసిన రక్షణ. వైద్యులు రాత్రి శస్త్రచికిత్స చేశారు. మత్తు వదిలిన రఫియన్ తాను ఇంకా పందెంలోనే ఉన్నట్లు కాళ్లు విదిలించి, పట్టీని బద్దలు చేసుకొని, మరింత గాయపడింది. చివరకు 7వ తేదీ తెల్లవారుజామున దానికి ప్రాణాంతకమైన మందు ఇవ్వవలసి వచ్చింది.

దీనికి విరుగుడు అప్పటికే ఒకరు ఆలోచించి ఉండటం విచారకరమైన సంగతి. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయపు పశువైద్యుడు, 1971లో మరణించిన జాక్ జెన్నీ, మత్తులో ఉన్న గుర్రాన్ని రబ్బరు తెప్పలో ఉంచి గోరువెచ్చని నీటి కొలనులో మేలుకొనేటట్లు చేసే ఉపాయం చెప్పాడు. నీటిలో ఎంత తన్నుకున్నా విరిగిన కాలు నేలకు తగలదు.

2006 మే 20న ప్రీక్‌నెస్ పందెంలో కుడి వెనుకకాలు విరిగిన బార్బారో అటువంటి కొలనులోనే మేలుకొన్నది. ఇరవైకి పైగా ముక్కలైన ఎముకను డీన్ రిచర్డ్‌సన్ ఒక పలకతోను 27 మరలతోను కూర్చాడు. కాలు అతుక్కోసాగింది. ప్రమాదం మరొక కాలినుండి వచ్చింది. గిట్టలోని ఎముక సన్నని పొరల అల్లికతో గిట్టగోడకు వ్రేలాడుతూ ఉంటుంది. అడుగు వేసినప్పుడల్లా బరువు మోపి తీస్తుంటేనే ఆ పొరలకు రక్తం చక్కగా అందుతుంది. రాత్రింబగళ్లు ఒక కాలిమీదనే బరువు మోపితే పొరలు చచ్చి, ఎముక గోడనుండి విడిపోతుంది. మంచి కాలుకు ఈ జబ్బు జులైలో పట్టుకున్నది. పశువును పడుకోబెడితే పోదా అనిపించవచ్చు. కాని అంత బరువైన దేహం ఎక్కువకాలం పడుకొని ఉంటే ఊపిరితిత్తులూ కండలూ నలుగుతాయి. 2007 జనవరి 29న బార్బారో కథ ముగిసింది.

అతికించటంలో ఇంత నేర్పు వచ్చినా ప్రాణం దక్కక పోవటంతో, విరగక ముందటి సంగతి మరింత ముఖ్యమైంది. ఆ పని కాలిఫోర్నియాలో అప్పటికే మొదలైంది. 1990 నుండి అక్కడి మైదానాలలో చనిపోయిన ప్రతి గుర్రాన్నీ కోసి పరీక్షించే ఏర్పాటు ఉన్నది. సూ స్టోవర్, ఆమె సహచరులు చూచిన ఎముకలలో విరిగిన చోట తరచుగా పాత దెబ్బల జాడలు కనిపించాయి. ఎముక ఒక్క తప్పటడుగుతో విరగలేదు. కొన్ని వారాలుగా లోపల సన్నని బీటలు పడుతూ, మానీ మానకముందే మళ్లీ పరుగెత్తటంతో తెగింది. మోసే భారాన్నిబట్టి ఎముక తన రూపం మార్చుకుంటుందని జూలియస్ వుల్ఫ్ 1892లోనే వ్రాశాడు. ఆ మార్పుకు వ్యవధి కావాలి. డేవిడ్ నునామేకర్ మరొక సంగతి చూపాడు. నెమ్మదిగా ఎంత దూరం పరుగెత్తించినా లేగగుర్రపు ఎముక పందెపు వేగానికి సిద్ధం కాదు. కొద్ది దూరం, వేగంగా, అప్పుడప్పుడు పరుగెత్తిస్తేనే సిద్ధమౌతుంది. చిరకాలపు అలవాటు మీద గట్టి నమ్మకం గల శిక్షకులకు ఈ మాట రుచించకపోవటం సహజమే.

2019లో కాలిఫోర్నియాలోని సాంటా అనిటా మైదానంలో కొద్ది నెలలలోనే ఇరవైకి పైగా గుర్రాలు చనిపోయి పెద్ద అలజడి చెలరేగింది. ఆ ఏటి చివర అక్కడ ఒక స్కానర్ పెట్టారు. గుర్రం నిలుచునే ఉండగా, పూర్తి మత్తు అవసరం లేకుండా, ఎముకలో మరమ్మతు ఎక్కువగా సాగుతున్న చోటును అది చూపుతుంది. ఎక్స్‌కిరణాలకు అందని సెసమాయిడ్ మార్పులు కూడా అందులో కనిపిస్తాయి. అమెరికాలో లెక్కలు కట్టటం మొదలుపెట్టిన 2009లో వెయ్యి పరుగులకు రెండు గుర్రాలు ప్రాణం కోల్పోయాయి. 2022లో ఆ సంఖ్య 1.25.