ప్రాచీన గానము, ఆనాటి వాద్యములు: ఒక జర్మను కృతి చరిత్ర

1730వ సంవత్సరము ఆగస్టు 23వ తేదీన, జర్మనీ దేశమందలి లైప్‌జిగ్ నగరపాలక సభకు యోహాన్ సెబాస్టియన్ బాఖ్ ఒక విజ్ఞాపనము సమర్పించెను. ఆయన అప్పటికి ఏడేండ్లుగా ఆ నగరమున సెయింట్ థామస్ పాఠశాలకు సంగీతాచార్యుడు. ముఖ్యమైన చర్చీలలో జరుగు గానమంతయు ఆయన బాధ్యత. తన యొద్దనున్న బాలురను లెక్కించి, 17 మంది పనికివచ్చువారు, 20 మంది ఇంకను తయారు కావలసినవారు, 17 మంది ఎందులకును పనికిరానివారు అని నిర్మొగమాటముగా వ్రాసెను. ఒక్కొక్క గాయకబృందమునకు 12 మందియైనను ఉండవలెననియు, 16 మందియున్న మరింత మేలనియు, వాద్యగాండ్రు 18 మంది మొదలు 20 మంది వఱకు కావలెననియు కోరెను. ప్రపంచము నేడు తలయొగ్గు మహావిద్వాంసుడు అడిగినది ఇంతమాత్రమే. ఆ పత్రమున కృతుల ఘనతను గూర్చి ప్రస్తావనయే లేదు. ఉన్నదంతయు మనుష్యుల లెక్క, జీతముల కొఱత.

ఈ అంకెలను పాఠకులు గుర్తుంచుకొన ప్రార్థన. మేము చెప్పబోవు చరిత్రమంతయు వీని చుట్టును తిరుగును.

ఆ విజ్ఞాపనమునకు మూడేండ్లు ముందు, 1727వ సంవత్సరపు శుభ శుక్రవారమున, బాఖ్ తన మత్తయి శ్రమగానమును థామస్ చర్చిలో తొలిసారి పాడించెనని పండితుల నిశ్చయము. మత్తయి సువార్తలో చెప్పబడిన యేసు శ్రమలను, మరణమును గానరూపమున వినిపించు కృతి యది. రెండు గాయకబృందములు, రెండు వాద్యమేళములు ఎదురుబొదురుగా నిలిచి ప్రశ్నోత్తరములవలె పాడుకొనును. పూర్వభాగమునకును ఉత్తరభాగమునకును నడుమ ఉపదేశము జరిగెడిది. 1736లో బాఖ్ ఈ కృతిని సంస్కరించి స్వహస్తముతో శుద్ధప్రతి వ్రాసికొనెను. అందు సువార్త వాక్యములను ఎఱ్ఱసిరాతో వ్రాయుట ఆయన భక్తికిని శ్రద్ధకును నిదర్శనము. ఆ ప్రతి నేటికిని బెర్లినులో భద్రముగా నున్నది.

మన సంగీతమునకు అలవడిన చెవులకు ఇచట ఒక మాట చెప్పవలసియున్నది. మన భజనగోష్ఠిలో పదిమంది పాడినను వంద మంది పాడినను పాట ఒక్కటే, బాణీ ఒక్కటే. వారి బృందగానము అట్లు కాదు. హెచ్చుస్థాయి బాలకంఠములు మొదలు మంద్రస్థాయి పురుషకంఠముల వఱకు నాలుగు తెగలు నాలుగు వేర్వేరు వరుసలను ఏకకాలమున పాడును. అందు ఒక తెగ బలమెక్కువైనచో తక్కిన మూడును మునిగిపోవును. కావున గాయకుల సంఖ్య, కంఠముల జాతి, ప్రక్కన మ్రోగు వాద్యముల బలము అనునవి అలంకారములు కావు, కృతి నిర్మాణములోని భాగములే. మన కచేరీలో మృదంగమునకు మారుగా డోలు కట్టినచో పాట ఏమగునో ఊహించుకొనుడు.

బాఖ్ 1750లో కీర్తిశేషుడాయెను. ఆయన శిష్యులును, కొందరు అభిమానులును ప్రతులు వ్రాసికొని దాచుకొనిరేగాని, ఈ మహాకృతి సభలకు దూరమైపోయెను. బెర్లినులోని సింగ్ అకాడమీ అను గానసమాజమునకు అధిపతియైన జెల్టర్ బాఖ్ రచనలను ప్రేమతో సేకరించి శిష్యులచే పాడించెను. అయినను వానిని పూర్తిగా ప్రజల యెదుట పెట్టుట అసాధ్యమని తలచెను. ఆయన శిష్యుడు ఫెలిక్స్ మెండెల్సన్. ఈ బాలునికి మాతామహి మత్తయి శ్రమగానపు ప్రతి నొకదానిని వ్రాయించి కానుక ఇచ్చెను. ఒక అవ్వ మనుమనికిచ్చిన కానుక యూరపు సంగీత చరిత్రను మలుపు త్రిప్పినది. 1829 మార్చి 11వ తేదీన, తన ఇరువదవ యేట, మెండెల్సన్ ఆ కృతిని బెర్లినులో నడిపించెను. గాయకులు సుమారు 150 మంది. అందు స్త్రీలును కలరు. మందిరము క్రిక్కిరిసి, చోటు చాలక ఎందరో వెనుదిరిగిరి. శ్రోతలలో తత్త్వవేత్త హేగెల్ ఉండెను. పది దినములకే, మార్చి 21న, బాఖ్ జన్మదినమున, రెండవసారి పాడిరి.

అయితే ఆనాడు బెర్లిను విన్నది లైప్‌జిగ్ విన్న గానమా? కాదు. మెండెల్సన్ అనేక గీతములను తొలగించెను. వాడుక తప్పిన ఓబో జాతి వాద్యములకు బదులు క్లారినెట్టులను ఉంచెను. తాను పియానో ముందు కూర్చుండి నడిపెను. బాలకంఠములకై వ్రాసినవానిని స్త్రీలు పాడిరి. డజను మందికి వ్రాసినదానిని అంతకు పది రెట్లకు మించిన బృందము పాడెను. శాస్త్రనిష్ఠతో చూచువారికి ఇవన్నియు అపచారములే. కాని ఆయన ఆ పని చేసియుండనిచో శాస్త్రనిష్ఠతో చూచుటకు మన యెదుట ఏమి మిగిలియుండెడిది? బీరువాలో ఒక వ్రాతప్రతి. ఈ విషయమున మేము మెండెల్సన్ పక్షము.

ఆ పిమ్మట పందొమ్మిదవ శతాబ్దమున ఈ పెంపు మితిమీరెను. 1742లో డబ్లిను నగరమున రెండు కథీడ్రళ్ల గాయకులతో తొలిసారి పాడబడిన హాండెల్ కృతి మెస్సయ్య 1859 నాటి లండను ఉత్సవములో, క్రిస్టల్ పాలెస్ అను అద్దపు మందిరమున, రెండువేల ఏడువందలకు పైబడిన గాయకులచే పాడబడెను. భక్తి పెరిగినకొలది జనము పెరిగెను. జనము పెరిగినకొలది లయ మందగించెను, సూక్ష్మములు మాసెను. ఆరాధన పేరిట జరిగినది గనుక దీనిని ఎవరును తప్పుపట్టలేదు.

దీనికి ఎదురునడచిన తొలివారిలో ఆర్నాల్డ్ డాల్మెచ్ ముఖ్యుడు. ఫ్రాన్సులో 1858లో పుట్టి ఇంగ్లండులో స్థిరపడిన ఈయన స్వయముగా వాద్యకారుడు, వాద్యశిల్పి. పాత గ్రంథములు చదివి, పాత వాద్యములు బాగుచేసి, దొరకనివానిని తానే చేసి, భార్యాబిడ్డలతో కూడి వాయించెను. 1919లో ఆయన కుమారుడు లండనులోని వాటర్లూ రైలుస్టేషనున ఒక సంచి మరచెను. అందు తండ్రిగారి అమూల్యమైన పాతకాలపు వేణువు ఉండెను. దానికి మారు దొరకదు. డాల్మెచ్ తన యొద్దనున్న కొలతలనుబట్టి క్రొత్త వేణువు చేయుటకు పూనుకొనెను. అడ్డముగాగాక నిలువుగా పట్టి ఊదు ఈ వేణువు నేడు దేశదేశముల పాఠశాలలలో పిల్లల చేతనున్నది. ఒక సంచి పోయినందువలన ఇంత మేలు జరిగినదని వాద్యకారులు నేటికిని ముచ్చటించుకొందురు. 1925లో ఆయన హేసల్‌మియర్ అను చిన్న పట్టణమున ప్రాచీన సంగీతోత్సవమును ప్రారంభించెను.

మత్తయి శ్రమగానమునకు వచ్చిన, అందలి వాద్యములలో అధికభాగము రూపుమారినవి లేక మాయమైనవి. ఫిడేళ్లకు ఆనాడు గొఱ్ఱెప్రేగు తంత్రులు. నాదము మెత్తన, మాటకు దగ్గర. గాంబా అను వాద్యమును మోకాళ్ల నడుమ నిలిపి కమానుతో వాయింతురు. దానికి మన వీణకువలె మెట్లుండును, కాని అవి మైనమున నాటినవికావు, ప్రేగుతో కట్టినవి. యేసు సిలువను గూర్చిన ఒక గీతమునకు బాఖ్ దీనినే తోడుగా ఉంచెను. హార్ప్సికార్డు మెట్టు నొక్కినపుడు ఈకముక్క తంత్రిని మీటును. పియానోవలె సుత్తి కొట్టదు. అన్నింటికంటె వింతయైనది వేట ఓబో. నాదస్వరమునకువలె పీక గల సుషిరవాద్యమే యైనను దీని గొట్టము విల్లువలె వంగి, తోలు చుట్టబడి, చివర ఇత్తడి గిన్నె కలిగియుండును. ఇది ఎట్లుండెడిదో చిరకాలము సరిగా తెలియదు. లైప్‌జిగ్ శిల్పి ఐకెన్‌టోఫ్ 1724లో చేసినవి స్టాక్‌హోమ్, కోపెన్‌హేగన్ మ్యూజియములలో నిలిచియుండుటచే వానిని కొలిచి క్రొత్తవి చేయగలిగిరి. మ్యూజియమున మూగవోయిన వస్తువు ఈ విధముగా మరల నోరు విప్పినది.

శ్రుతి విషయమొకటి. 1939లో అంతర్జాతీయముగా నిర్ణయించిన 440 శ్రుతికంటె అరస్వరము క్రిందనున్న 415ను నేటి ప్రాచీనవాద్య బృందములు సాధారణముగా పాటించుచున్నవి. అరస్వరమేగదా యనుకొనవచ్చును, పై స్థాయిలో గొంతు చించుకొనవలసిన గాయకునికి ఆ అరస్వరపు విలువ తెలియును.

వియన్నా నగరమున ఆర్కెస్ట్రాలో చెల్లో వాయించుచు జీవించిన నికొలౌస్ హార్నన్‌కూర్ 1953లో మిత్రులతో కలసి ఒక ప్రాచీనవాద్య బృందమును స్థాపించెను. నాలుగేండ్లు సాధనచేసిన తరువాతగాని, 1957లోగాని, వారు సభకెక్కలేదు. ఈ ఓర్పు మాకు మిక్కిలి మెచ్చదగినదిగా తోచును. 1970లో ఆయన మత్తయి శ్రమగానమును ఆనాటి వాద్యములతో, స్త్రీకంఠములు లేక బాలురతోను పురుషులతోను మాత్రమే, రికార్డు చేసెను. విన్నవారిలో కొందరు పరవశించిరి. కొందరు, ఇదేమి ఎండిన నాదమని ఈసడించిరి. మఱుసటి సంవత్సరము మొదలుకొని ఆయనయు, డచ్చి విద్వాంసుడు లియోన్‌హార్టును బాఖ్ చర్చిగీతములన్నింటిని ఇదే పద్ధతిని రికార్డుచేయ పూనుకొని సుమారు ఇరువదియేండ్లు శ్రమించిరి.

వివాదము ఇంతటితో తీరలేదు. 1981లో జాషువా రిఫ్కిన్ అను అమెరికను పండితుడు, బాఖ్ బృందమున వరుసకు ఒక్క గాయకుడే పాడెడివాడని వాదించెను. బాఖ్ కాలపు పాటకాగితములు చూడగా, ఒకే కాగితముపై సువార్త చెప్పు గాయకుని భాగము, విడిగీతములు, బృందగానము అన్నియు వ్రాయబడియున్నవి; ఆ కాగితము ఒకరి చేతిలోనిదే యని ఆయన తర్కము. మఱి 1730 విజ్ఞాపనములోని 12 మంది మాట? అది వారపు అవసరములకై ఉంచుకొనవలసిన మొత్తపు సంఖ్యయని ఆయన పక్షము. పాడుటకే కోరిన సంఖ్యయని ప్రతిపక్షము. ఇరువాదములు వినగా, కాగితము ఇచ్చు సాక్ష్యము బలమైనదేగాని సంపూర్ణము కాదని మాకు తోచుచున్నది.

దూరదేశపు ఈ కథ తమిళనాట స్థిరపడిన తెలుగు కుటుంబములకు అంత పరాయిది కాదు. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు చెన్నపట్టణమున యూరోపియను వాద్యకారుని యొద్ద ఫిడేలు నేర్చి మన సంగీతమునకు దానిని అలవరచిన తొలివారిలో నొకడు. ఆనాడు వచ్చిన ఫిడేలుకును ప్రేగు తంత్రులే! ఆయన దౌహిత్రుడును దత్తపుత్రుడునైన సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయాపురమున సంగీత సంప్రదాయ ప్రదర్శినిని అచ్చువేయించెను. తమిళదేశపు నడుమ, తమిళ కుటుంబపు విద్వాంసుడు, తెలుగు లిపిలో వెలువరించిన గ్రంథమది. కృతులకు స్వరములు వ్రాయుటయేగాక కంపితము, జారు మొదలగు గమకములకు వేర్వేరు గుర్తులు కల్పించెను. ఒకే యింట పెద్దవాడు పరదేశ వాద్యమును లోనికి తెచ్చెను, చిన్నవాడు ఇంటిలోని బాణీని కాగితమున పెట్టి లోకమునకిచ్చెను.

తాళ్లపాక అన్నమాచార్యుల సంకీర్తనలకు ఈ భాగ్యము లేదు. రాగిరేకులపై రాగనామమున్నది, స్వరము లేదు. నేడు వినబడు వరుసలు తరువాతివారు కట్టినవి. ఇక తిరువయ్యారులో త్యాగరాజ పంచరత్నములను వందలమంది కూడి ఒక్క గొంతుగా పాడుట పురాతనాచారమని పలువురు నమ్ముదురు. త్యాగరాజస్వామి 1847లో సిద్ధిపొందగా, ఈ సమష్టిగానము 1940ల దశాబ్దమున ఏర్పడినది. మేము దానిని తప్పని యనము. 1829 నాటి బెర్లినును మెచ్చి తిరువయ్యారును ఎట్లు తప్పుపట్టుదుము? కాని ఒక్కడు తంబురా శ్రుతిలో పాడునపుడు వినబడు గమకము వేయిమంది పాడునపుడు వినబడదు. ఆ రెండింటిలో ఏది దేనికి మారు కాదో పిల్లలకు చెప్పుట పెద్దల వంతు.

మన యిండ్లలో పెండ్లిపాటలు, లాలిపాటలు, మంగళహారతులు కొన్నిటికి తెలుగు లిపిలో వ్రాసిన నోటుపుస్తకములు కలవు. మాటలు ఉన్నవి, వరుస లేదు. కొన్నిటికి అదియును లేదు, ఏ అవ్వ గొంతులోనో ఉన్నవి. పాడించి యంత్రమున పట్టునపుడు శ్రుతిపెట్టె వద్దు, తప్పు దిద్దవద్దు. పాడినవారి పేరు, ఊరు, ఎవరి యొద్ద, ఏ పెండ్లిలో నేర్చిరో ఆ రికార్డులోనే వారి నోటనే చెప్పించిన మంచిది.