అరగంట కాపలా

రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ వాయుసేన విమానాలు జర్మన్ జలాంతర్గాముల కోసం సముద్రం మీద గంటల తరబడి గాలించేవి. రాడార్ తెర మీద ఎప్పుడో ఓ చుక్క మెరుస్తుంది. కళ్ళెదుటే ఉన్న ఆ చుక్కని ఆపరేటర్లు వదిలేస్తున్నారు. ఒక మనిషిని తెర ముందు ఎంతసేపు కూచోబెట్టవచ్చు? వాయుసేన అడిగిన ప్రశ్న అది.

కేంబ్రిడ్జిలో నార్మన్ మాక్‌వర్త్ దీనికోసం అంకెల్లేని గడియారం ఒకటి తయారుచేశాడు. ముల్లు సెకనుకో అడుగు వేస్తుంది, నూరడుగులకి ఒక చుట్టు. ఉన్నట్టుండి ఒక్కోసారి రెండడుగులు దూకుతుంది. అది చూసి మీట నొక్కాలి, అంతే పని. రెండు గంటల పరీక్ష. మొదటి అరగంట దాటేసరికే దూకుళ్ళు తప్పిపోవడం పెరిగింది. అరగంట పనికి అరగంట విశ్రాంతి ఇస్తే చూపు నిలబడింది. 1948లో అచ్చయిన ఫలితాలివి.

అక్కడే కెన్నెత్ క్రెయిక్ మనిషినీ యంత్రాన్నీ కలిపి ఒకే వ్యవస్థగా లెక్కగట్టాడు. కన్ను ఇన్‌పుట్, చెయ్యి అవుట్‌పుట్, మధ్యలో సుమారు అరసెకనుకోసారి జరిగే దిద్దుబాటు. మా ప్రోగ్రామర్ల భాషలో ఫీడ్‌బ్యాక్ లూపు! స్పిట్‌ఫైర్ కాక్‌పిట్ నమూనా కట్టి పైలట్లని గంటలకొద్దీ కూచోబెట్టారు. అలిసినవాళ్ళు పక్కనున్న ఇంధనం మీటరు చూడ్డం మానేశారు. తప్పు యంత్రానిదన్నారు. తాము బాగానే నడుపుతున్నామనే వాళ్ళ నమ్మకం. నన్ను పట్టుకున్నది ఈ మాటే. అలిసినవాడికి తను అలిసిన సంగతి తెలియదు.

1945 మే 7న కేంబ్రిడ్జిలో క్రెయిక్ సైకిలు ప్రమాదానికి గురయ్యాడు, దాంతోనే చనిపోయాడు. వయసు 31. మర్నాడు ఐరోపాలో విజయోత్సవం.

ఇదంతా చదవకముందు, ఇక్కడ బ్రిటన్‌లోనే ఒక ప్రాజెక్టులో, తెల్లవారుజామున మూడింటికి సర్వర్ హెచ్చరిక ఒకటి మా కుర్రాడు చూడలేదు. గుంటూరు నుంచి వచ్చి అప్పటికి ఏడాది కాలేదు. "అన్నా, తెర మీంచి కళ్ళు తిప్పలేదు, ఒట్టు" అన్నాడు. సాకు అనుకున్నాను. రిపోర్టులో కారణం దగ్గర 'నిర్లక్ష్యం' అని రాశాను. వాడి కాంట్రాక్టు పొడిగించలేదు.

ఈమధ్య పాత ఫైళ్ళలో ఆ కాగితం దొరికింది. వాడు ఆ రాత్రి ఎన్ని గంటల నుంచి కూచున్నాడో రాయడానికి అందులో గడి లేదు. ఆ ఫారం తయారుచేసింది నేనే.