కిరాయి ఇంటి కథ

పండుగల కబుర్లూ, పచ్చళ్ళ కబుర్లూ ఎప్పుడూ ఉండేవే. ఈ పూట మనలో చాలామంది నెల మొదటివారంలో లెక్కపెట్టి ఇచ్చుకునే కిరాయి సంగతి చెప్పుకుందాం. కోస్తా వైపు అద్దె అంటారు, మా వైపు కిరాయి అంటాం. పేరేదైతేనేం, పోయేది మన చీరకొంగు ముడిలోని డబ్బే కదా!

కామారెడ్డి నుంచి సిరిసిల్లకు పోయే దారిలో మాచారెడ్డి ఉంది. అలాంటి ఊళ్ళలో పెంకుటిల్లో, రేకులదో, చాలామందికి తమదంటూ ఒక గూడు ఉండేది. ఊళ్ళో కిరాయికి ఉండేది ఏ బడిపంతులో, బదిలీ మీద వచ్చిన ఉద్యోగో. ఆ ఊరి మనిషి కామారెడ్డిలో రైలెక్కి హైదరాబాదులో దిగాడంటే తల దాచుకునే చోటుకు మొదటిసారి వెల కట్టాల్సి వచ్చేది. ఇంకా దూరం పోయిన మన తెలంగాణవాళ్ళు బొంబాయి చేరారు. అక్కడి కామాఠిపురాకు ఆ పేరు వచ్చింది మన వైపు నుంచి పోయి ఇళ్ళూ రోడ్లూ కట్టిన కామాఠీల వల్లనే. 1920లలో అక్కడి ప్రభుత్వం కట్టించిన బి.డి.డి. చాల్‌లలో ఒక్కో కుటుంబానికి 160 చదరపుటడుగుల గది. వంటా, పడకా, పురుడూ అన్నీ అందులోనే. మరుగుదొడ్లు మాత్రం అంతస్తు మొత్తానికీ ఉమ్మడి. ఊళ్ళు కట్టినవాళ్ళకు దక్కిన ఇల్లు అదీ!

మన హైదరాబాదు సంగతికొద్దాం. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేల ప్రాణాలూ, వేల ఇళ్ళూ కొట్టుకుపోయాయి. ఆ దెబ్బ మానకముందే 1911లో ప్లేగు వచ్చింది. గాలీ వెలుతురూ లేని ఇరుకు బస్తీలే రోగానికి పుట్టిళ్ళని అప్పటికి గాని సర్కారుకు తోచలేదు. ఏడో నిజాం కాలంలో, 1912లో, నగరాభివృద్ధి బోర్డు ఏర్పడింది. ఇరుకు బస్తీలు తీసేసి, రోడ్లు వెడల్పు చేసి, కొత్త ఇళ్ళు కట్టించింది. పత్తర్‌గట్టీలో మనం గాజులు బేరమాడే ఆ రాతి కమానుల దుకాణాలు కూడా దాని చలవే. చిన్న సంపాదనవాళ్ళ ఇంటి బాధ్యత కొంత సర్కారుదేనని మన ఊళ్ళో మొదట ఒప్పుకున్నది ఆ బోర్డేనని నా అభిప్రాయం. 1960లో హౌసింగ్ బోర్డు దాని స్థానంలోకి వచ్చింది.

ఈలోగా రాజధానులు మారాయి. 1953లో కర్నూలు రాజధాని అయినప్పుడు కచేరీలే డేరాల్లో నడిచాయంటే, ఉద్యోగుల సంసారాల గతి ఊహించుకోండి. 1956 నవంబరు 1న హైదరాబాదు రాజధాని కాగానే కర్నూలు నుంచి ఆ సంసారాలన్నీ ఇక్కడికి తరలివచ్చాయి. ఇళ్ళు అన్నే, అడిగేవాళ్ళు ఎక్కువ. ఒక ఇంటిని నాలుగు పోర్షన్లు చేసి, నాలుగింటికీ ఒకటే నల్లా పెట్టడం మనకు అలవాటైపోయింది. తెల్లవారుజామున బిందెల వరుసలో నిలబడింది మగవాళ్ళు కాదుగా!

అప్పటికి తెలంగాణకు 1954 నాటి చట్టం ఒకటి, ఆంధ్ర జిల్లాలకు మద్రాసు చట్టం ఒకటి ఉండేవి. రెండింటినీ కలిపి 1960లో ఒకే అద్దె నియంత్రణ చట్టం చేశారు. రెంట్ కంట్రోలరు ఉత్తర్వు లేనిదే ఖాళీ చేయించకూడదు. సరైన కారణం లేకుండా నీళ్ళూ కరెంటూ ఆపకూడదు. కంట్రోలరు న్యాయమైన కిరాయి నిర్ణయించాక, ఒక్క నెల కిరాయికి మించి అడ్వాన్సు పుచ్చుకోకూడదు. వీటన్నిటికంటే మనకు ముఖ్యమైన మాట ఒకటుంది. కిరాయిదారు చనిపోతే, ఆయనతో ఆ ఇంట్లోనే ఉన్న భార్య గాని, కొడుకు గాని, కూతురు గాని కిరాయిదారే అవుతారు.

ఈ మాట విలువేమిటో నా చిన్నతనంలో, 1992 ప్రాంతంలో, కళ్ళారా చూశాను. మా పక్క పోర్షన్‌లో ఒకామెకు భర్త పోయాడు. పన్నెండోరోజు కూడా కాకముందే ఇంటాయన వచ్చి, "మొగదిక్కు లేని ఇల్లు, నెలాఖరుకు ఖాళీ చెయ్యమ్మా" అన్నాడు. ఆమె ఏడవలేదు. ట్రంకుపెట్టె తీసి, పదేళ్ళ కిరాయి రశీదులు గుడ్డమూటలోంచి బయటపెట్టింది. వాడకట్టులో కోర్టు గుమాస్తాగా చేసి రిటైరైన పెద్దాయన ఒకరు చట్టం విడమరిచి చెప్పారు. ఇంటాయన మళ్ళీ ఆ ఊసెత్తలేదు. పిల్లలిద్దరి చదువులూ అయ్యేదాకా ఆమె ఆ ఇంట్లోనే ఉంది.

కానీ ఆ చట్టం అందరికీ గొడుగు పట్టలేదు. 1957 ఆగస్టు 26 తరువాత కట్టిన ఇళ్ళను దాని నుంచి మినహాయించారు. కొత్త ఇళ్ళు కట్టేవాళ్ళకు ప్రోత్సాహమట. ప్రోత్సాహం ఎన్నేళ్ళు కావాలి చెప్పండి? ఇరవై ఆరేళ్ళు గడిచాక, 1983లో, సుప్రీంకోర్టు ఆ మినహాయింపు సమానత్వానికి విరుద్ధమని కొట్టేసింది. ఆ ఏడాది చివర్లోనే ప్రభుత్వం మరో ఉత్తర్వు తెచ్చింది: కట్టి పదేళ్ళు కాని ఇళ్ళకూ, నెలకు వెయ్యి రూపాయలు దాటిన కిరాయిలకూ చట్టం వర్తించదని. 2005లో సవరణ చేసి, కార్పొరేషన్లలో 3,500 రూపాయలు, మిగతా చోట్ల 2,000 రూపాయలు దాటిన ఇళ్ళను చట్టం బయట పెట్టారు. ఇవాళ హైదరాబాదులో 3,500కు రెండు గదులు ఎక్కడ దొరుకుతాయో మీకే తెలుసు. అంటే మనలో ఎక్కువమందికి ఆ రక్షణ లేనట్టే. ఇక మిగిలింది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. కాగితంలో వేరే మాట లేకపోతే నెల కిరాయి ఇంటికి పదిహేను రోజుల నోటీసు చాలంటుంది అది.

2020 ఏప్రిల్‌లో, కరోనా రోజుల్లో, మూడు నెలల కిరాయి అడగవద్దనీ, తరువాత వాయిదాల్లో తీసుకోవాలనీ తెలంగాణ ప్రభుత్వం చెప్పింది. విన్న ఇంటాయనలు ఉన్నారు, విననివాళ్ళూ ఉన్నారు. 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం మాదిరి అద్దె చట్టాన్ని ఆమోదించింది. నివాసపు ఇంటికి రెండు నెలల కిరాయికి మించి అడ్వాన్సు వద్దంటుంది. కిరాయిదారు పోతే, ఒప్పందం గడువు తీరేదాకా అతని వారసులకూ అది చెల్లుతుందంటుంది. అయితే అది మాదిరి మాత్రమే, రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే అమలు.

మాచారెడ్డి నుంచో, ఎల్లారెడ్డి నుంచో మీ పక్క పోర్షన్‌లోకి కొత్త కాపురం వచ్చిందనుకోండి. ఆ అమ్మాయితో ఒప్పందం కాగితంలో భర్త పేరు పక్కన తన పేరు కూడా రాయించుకోమనండి. కిరాయి ఫోన్‌లో పంపినా సరే, ఏ నెల రశీదు ఆ నెలే అడిగి పుచ్చుకోమనండి.