అహల్య రెండోసారి రాయి ఎందుకయింది?

పోయిన వారం భార్యాభర్తల మధ్య అనుమానం గురించి ఇక్కడ చాలా మాటలు నడిచాయి. దాని మీదే నేను చదివిన పాత కథ ఒకటి చెప్తాను, కొంచెం పొడుగు.

నేను బళ్లో చదివింది తమిళమే. తెలుగు అక్షరాలు రైల్వేలో చేరాక కూడబలుక్కుని నేర్చుకున్నాను. అందుకని కంబన్ అహల్య నాకు ముందు తెలుసు, వాల్మీకి అహల్య తర్వాత. వాల్మీకిలో ఆమె రాయి కాదు. వచ్చినవాడు ఇంద్రుడని తెలిసే ఒప్పుకుంటుంది. గౌతముడి శాపంతో గాలి తిని, బూడిదలో పడి, ఎవరి కంటికీ కనబడకుండా ఉంటుంది. కంబన్ దగ్గర రాయవుతుంది. మధ్యలో ఆమెకు తెలిసిపోయింది, అయినా ఆగలేదని కంబనే అంటాడు. చివర విశ్వామిత్రుడి నోట మాత్రం ఆమె మనసులో తప్పు లేదనిపిస్తాడు. ఈ రెండూ ఎలా పొసుగుతాయని తమిళ పండితులు ఇంకా తగువులాడుకుంటూనే ఉంటారు, అది వదిలేద్దాం.

మన మదురైలోనే తెలుగులో ఇంకో అహల్య పుట్టింది. 1700ల మొదట్లో, విజయరంగ చొక్కనాథ నాయకుడి కాలంలో, సముఖము వేంకట కృష్ణప్ప నాయకుడు ‘అహల్యా సంక్రందనము’ అనే కావ్యం రాశాడు. సంక్రందనుడంటే ఇంద్రుడు. పేరులోనే చూడండి, మొగుడికి చోటు లేదు! ఇందులో అహల్య మోసపోలేదు, ఇంద్రుడు ఆమె కోరుకున్నవాడే. మదురైలో ఉండే మన పిల్లలకు ఈ పుస్తకం పేరైనా తెలియదు.

వీటన్నిటిలో తప్పు ఒకసారి, శిక్ష ఒకసారి. రాముడు వచ్చాక లెక్క తీరిపోతుంది. తీరలేదు అన్నవాడు పుదుమైప్పిత్తన్. తిరునెల్వేలి వాళ్లు, అసలు పేరు విరుద్ధాచలం, 1906లో పుట్టి 1948లో పోయారు. 1943లో ‘కలైమగళ్’ పత్రికలో వచ్చిన ఆయన కథ ‘శాపవిమోచనం’ రాయి మనిషయిన చోటు నుంచే మొదలవుతుంది.

ఈ గౌతముడు మంచివాడు. నిజంగానే క్షమించాడు, ఒక్క సూటీపోటీ మాట అనడు. అయినా అహల్యకు ఊపిరాడదు. ఏ మగవాణ్ణి చూసినా ఇంద్రుడే కనబడతాడు. మొగుడితో మాట్లాడాలన్నా ప్రతి మాటనూ తూచుకుంటుంది, ఇంకో అర్థం వస్తుందేమో అని. స్నానానికి సరయూకి వెళ్తే మునిపత్నులు ‘ఈమే అహల్య’ అని తప్పుకుంటారు. మొగుడు పెట్టిన శాపం కంటే ఆ మాటే ఎక్కువ కాలుస్తుంది.

వనవాసం ముగిశాక రాముడు, సీత వాళ్ల గుడిసెకు వస్తారు. సీత అగ్నిలో దూకిన సంగతి చెప్తుంది. ఆయన అడిగాడా, నువ్వెందుకు చేశావు అని అహల్య అరుస్తుంది. లోకానికి రుజువు చెయ్యాలి కదా అని సీత నవ్వుతుంది. నాకు ఈ కథలో అన్నిటికన్నా భయం వేసేది ఆ నవ్వే. తనను రాయి నుంచి మనిషిని చేసినవాడే పెళ్లాన్ని రుజువు అడిగాడంటే, అహల్యకు ఇక నిలబడే చోటేది?

రాముడు తప్పు చేశాడా లేదా అని పుదుమైప్పిత్తన్ని తిట్టేవాళ్లు తిట్టారు. నేను చూసేది గౌతముణ్ణి. ఆయన అనుమానం మానేశాడు, చుట్టుపక్కలవాళ్లు మానలేదు. మన సంఘంలో కూడా రాజీపడిన ఆలుమగలు మళ్లీ ఒకే ఇంట్లో కాపురం చేస్తున్నారు. పెళ్లిపందిట్లో ఆ అమ్మాయి పక్కన కుర్చీ ఎందుకు ఖాళీగా ఉంటోందో మీకు తెలుసు, నాకు తెలుసు.

చివరికి గౌతముడు ప్రేమగానే దగ్గరికి తీసుకుంటాడు. ఆమె కళ్లకు ఇంద్రుడే గౌతముడి వేషంలో వచ్చినట్టుంటుంది. ఆయన చేతుల్లో ఉన్నది రాయి. ఈసారి శాపం పెట్టినవాడు ఎవడూ లేడు. ఆయన సన్యాసం పుచ్చుకుని ఒంటరిగా కైలాసం వైపు నడుస్తాడు.

వచ్చే వారం తంజావూరు చేమకూర వేంకటకవి సారంగధరుడి గురించి రాస్తాను. అక్కడ తండ్రి చిన్నభార్య మాట నమ్మి కన్నకొడుకునే అనుమానిస్తాడు. ‘అహల్యా సంక్రందనము’ అచ్చు పుస్తకం ఎవరింట్లోనైనా ఉంటే దయచేసి చెప్పండి, వచ్చి చూసుకుంటాను.