కోరంగి రేవును మింగిన ఒండ్రు

కోరంగి పేరెత్తగానే 1839 నవంబరు ఉప్పెన గుర్తుకొస్తుంది. నలభై అడుగుల కెరటం వచ్చిందనీ, మూడు లక్షల మంది పోయారనీ నేటికీ రాస్తుంటారు. ఆ లెక్కను నమ్మినా నమ్మకపోయినా జరిగిన నష్టం ఘోరమే. కానీ రేవు అంతరించడానికి ఆ ఒక్క ఉప్పెనే కారణమనడం సరికాదు. ఒకనాడు కలకత్తాకూ తిరుకోణమలకూ మధ్య పెద్ద ఓడలకు మరమ్మతు జరిగే చోటు ఇదొక్కటేనని పేరు. ఈ తీరం నుంచి వెళ్లినందుకే బర్మాలో తెలుగు కూలీలను కోరంగీలన్నారు. అలాంటి రేవును 1789 డిసెంబరులోనే మూడు కెరటాలు వరసగా ముంచెత్తాయి. 1848లో ‘సైక్లోన్’ అనే మాట పుట్టించిన హెన్రీ పిడింగ్టన్ ఆ విపత్తు గురించి రాశాడు. అయినా కోరంగి కోలుకుని మరో యాభై ఏళ్లు ఓడలకు ఆశ్రయమిచ్చింది. 1789లో లేచిన ఊరు 1839 తర్వాత మునుపటిలా ఎందుకు లేవలేదన్నదే అసలు ప్రశ్న.

జవాబు గోదావరి వరదనీటిలో ఉంది. ఏటా వరదతో కొట్టుకొచ్చిన ఒండ్రు కోరంగి ఉన్న పాయ ముఖద్వారంలో మేటవేసింది. లోతు తగ్గేకొద్దీ పెద్ద ఓడలు లోపలికి రాలేకపోయాయి. ఆ మేట కూడా ఉప్పెన తెచ్చిందే కావచ్చు కదా అనవచ్చు. కెరటం ఒక్కసారి ఇసుక పోసి పోతుంది. నది ప్రతి ఏడూ పోస్తుంది. పైగా భయమే కారణమైతే వర్తకం తుఫాన్లకు దూరంగా పోవాలి. అది పోయింది పక్కనే ఉన్న కాకినాడకు, అంటే అదే తుఫాన్ల దారిలోకి. అక్కడ ఓడలకు రక్షణ ఇచ్చింది హోప్ ఐలాండ్. నది తెచ్చిన ఇసుకను అలలు ఉత్తరానికి నెట్టగా గత రెండు శతాబ్దాల్లో పెరిగిన దిబ్బ అది.

ఒక రేవును పూడ్చిన ఒండ్రే మడ అడవులకు ప్రాణం పోసింది. పోటు తీశాక బురదలోంచి మడచెట్ల శ్వాసవేర్లు మేకుల్లా పైకి పొడుచుకొస్తాయి. వాటి మధ్య మండపీతలు బొరియలు తవ్వుకుంటాయి. రొయ్యపిల్లలు, పండుగప్ప పిల్లలు అక్కడే ఎదిగి సముద్రానికి పోతాయి. బావురుపిల్లులూ నీటికుక్కలూ ఆ పాయల్లోనే వేటాడతాయి. హోప్ ఐలాండ్ ఇసుకలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. 1978లో అభయారణ్యంగా ప్రకటించింది ఈ అడవినే. వర్తకులకూ ఓడలు కట్టే వడ్రంగులకూ పూడిక బతుకుదెరువు పోగొట్టిన మాట నిజం. ఆ నష్టాన్ని తక్కువ చేయలేం. అయితే ఒండ్రును కేవలం పూడికగా చూస్తే ఈ తీరం చరిత్రలో సగమే తెలుస్తుంది.

ఇప్పుడు ఆ ఒండ్రులో చాలా భాగం ఎగువ జలాశయాల్లోనే ఆగిపోతోంది, డెల్టా అంచులు కోతకు గురవుతున్నాయి. తీరాన్ని కాపాడాలంటే గోడలు కట్టడంతో సరిపోదు. నదిలో నీటి వాటాలు తేల్చేటప్పుడు సముద్రానికి చేరవలసిన మట్టికీ లెక్క ఉండాలి. కోరంగి చరిత్ర మనకు చెబుతున్నది అదే.