గడపదాక వచ్చిన పరీక్ష: పెద్దప్రేగు క్యాన్సరు శోధన చరిత్ర

గోదావరి జిల్లాలలో బోదకాలు చిరకాలముగా ఎరిగిన వ్యాధి. దానిని కలిగించు సూక్ష్మమైన పురుగుపిల్లలు పగలు ఊపిరితిత్తుల రక్తనాళములలో దాగియుండి, రాత్రివేళ చర్మమునకు దగ్గరి రక్తములోనికి వచ్చును. కావున 1955లో జాతీయ ఫైలేరియా నియంత్రణ పథకము ప్రారంభమైన పిమ్మట, సిబ్బంది రాత్రిపూట ఇంటింటికి పోయి, వేలికొనపై సూదితో గ్రుచ్చి రక్తబిందువు తీయవలసివచ్చెను. రోగి ఆసుపత్రికి వచ్చువరకు వేచియుండుటకు వీలులేకపోయెను. పరీక్ష ఎంత మంచిదైనను మనిషియున్న చోటికి చేరినపుడే ఫలించును. పెద్దప్రేగు క్యాన్సరు విషయములో ఈ పాఠము నేర్చుకొనుటకు ప్రపంచమునకు నూరేండ్లకు పైగా పట్టినది.

పెద్దప్రేగు లోపలి పొరపై కొందరికి చిన్న పిలకలు పుట్టును. వీనిని పాలిప్‌లు అందురు. అన్నియు హానికరములు కావు. కొన్ని మాత్రము పదేండ్లో, అంతకు మించియో గడచిన పిదప క్యాన్సరుగా మారును. ఈ దీర్ఘమైన వ్యవధియే వైద్యునకు దొరకిన అవకాశము. పెరుగుచున్న పిలకనుండి అప్పుడప్పుడు కొద్దిపాటి రక్తము స్రవించి మలములో కలియును. అది కంటికి కానరాదు.

దానిని కనుగొనుట ఎట్లు? హాలెండు దేశీయుడగు వాన్ డీన్ 1864లో గ్వాయకము అను చెట్టుజిగురుతో రక్తపుజాడ కనుగొను విధానమును తెలిపెను. రక్తములోని హీమోగ్లోబిన్ ఉన్నచోట, హైడ్రోజన్ పెరాక్సైడు తగిలినంతనే ఆ జిగురు నీలిరంగు దాల్చును. జర్మనీలో బోవాస్ అను వైద్యుడు 1901లో ఈ కానరాని రక్తమునకును జీర్ణకోశపు క్యాన్సరునకును గల సంబంధమును చూపెను. తరువాత చాలకాలము ఈ పరీక్ష వైద్యశాల గోడలు దాటలేదు. 1967లో అమెరికా వైద్యుడు గ్రీగర్, గ్వాయకము పట్టించిన అట్టముక్కలను రోగులకిచ్చి ఇంటికి పంపిన విధానమును ప్రకటించెను. మినెసోటా రాష్ట్రమున 46,551 మందితో 1975లో మొదలైన పరిశోధన 1993లో ఫలితము తెలిపినది: ఏటేట పరీక్షకు ఎంపికైన వర్గములో ఈ వ్యాధివలని మరణములు 33 శాతము తగ్గెను.

గ్వాయకమునకు ఒక లోపము కలదు. తిన్న మాంసమునకును, ముల్లంగివంటి కూరలకును అది నీలమగవచ్చును. తరువాత వచ్చిన ఇమ్యూనో పరీక్ష మనిషి రక్తములోని గ్లోబిన్‌ను మాత్రమే గుర్తించును, పథ్యముతో పనిలేదు. జపాను 1992లో దీనిని దేశమంతట ప్రవేశపెట్టెను.

ఇక చేయించుకొనువారి మాట. టెక్సాస్ రాష్ట్రములోని ఫోర్ట్‌వర్త్ నగరమున బీమాలేని రోగుల మధ్య ఒక ప్రయోగము జరిగినది. ఫలితములు 2013లో వెలువడినవి. ఆసుపత్రికి వచ్చినపుడు చెప్పి ఊరకున్నచోట పరీక్ష పూర్తిచేసినవారు సుమారు 12 శాతము. ప్రేగులోనికి గొట్టముపంపి చూచు కొలనోస్కోపీకి ఉచితముగా పిలిచినపుడు 25 శాతము. ఇమ్యూనో పరీక్ష సామగ్రిని తపాలాలో ఇంటికే పంపినపుడు 41 శాతము! పేదలకు ఆరోగ్యముపై శ్రద్ధలేదను అపవాదునకు ఈ అంకెలే జవాబు. కొలనోస్కోపీకి ముందురోజే ప్రేగులు శుభ్రపరచుకొనవలెను, పని మానవలెను, తోడుగా ఒకరు రావలెను.

కొల్లేటి లంకలకు ఈ మాట బాగుగా వర్తించును. చేపల చెరువులపై కూలికి పోవువాడు ఏలూరుకో తాడేపల్లిగూడెమునకో వచ్చినచో ఆనాటి కూలి పోయినట్లే. పైగా మలములో రక్తము కనబడిన "మొలలే" అని సరిపెట్టుకొనుట, సిగ్గుచే ఇంటివారికైనను చెప్పకపోవుట మన అలవాటు.

2016 నాటి జాతీయ మార్గదర్శకములు ముప్పదేండ్లు దాటినవారిలో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారపు క్యాన్సర్లకు పరీక్షలు నిర్దేశించినవి. 2024 చివర ఆంధ్రప్రదేశ్‌లో వీనికొరకే ఇంటింటి పరిశీలన ప్రారంభమైనది. పెద్దప్రేగు ఈ జాబితాలో లేదు. పాశ్చాత్యులకంటె మనలో ఈ వ్యాధి తక్కువగుటచే అందరికిని పరీక్ష చేయుట ఎంతవరకు సబబో ఆలోచింపవలసినదే. అయినను రక్తసంబంధీకులలో ఈ వ్యాధియున్నవారికి వైద్యుని సలహాతో శోధన అవసరము. రక్తము కంటికి కనబడినవారు, వారములతరబడి విరేచనపు తీరు మారినవారు, కారణము తెలియక రక్తహీనతకు లోనైన పెద్దలు పరీక్షకై కూర్చుండక నేరుగా వైద్యుని చూడవలెను.

ఇంటికి పరీక్ష పంపుటతోనే పని తీరదు. బోదకాలు నివారణకు ఇంటింట మాత్రలు పంచినపుడు, పుచ్చుకొన్నవారందరు మ్రింగలేదు. అందుకే ఎదుటనే మ్రింగించు పద్ధతి వచ్చినది. ఇచటను అంతే. సామగ్రినిచ్చిన ఆశా కార్యకర్త మరల వచ్చి అడుగవలెను. ఎండవేడికి గ్లోబిన్ చెడును గనుక, వేసవిలో నమూనా జాగుచేయక ప్రయోగశాలకు చేరవలెను. రక్తమున్నట్లు తేలినవారికి కొలనోస్కోపీ జరుగవలెను; అది జరుగనిచో ముందు చేసినదంతయు వృథా.

జీర్ణకోశపు పాఠము చెప్పు ఉపాధ్యాయులు ఈ విషయమును తరగతిలో సంకోచము లేక చెప్పవచ్చును. విన్న విద్యార్థి ఆ సాయంత్రము ఇంటిలోని తాతనో నాయనమ్మనో ఒకమాట అడిగిన చాలు. దాచుకొన్న బాధ వేళకు వైద్యుని చెవిని పడును.